పల్లం వీధి కుళాయి

మా ఆయన పురుగుమందు ఎండ్రిన్ తాగి చచ్చాడని ఊరంతా అంది. కడుపులోకి పోయింది ఎండ్రినే, కాదనను. ఎవరు తాగించారని మాత్రం ఒక్కరూ అడగలేదు. నేను అడిగాను. అడిగినందుకు నన్ను గయ్యాళి అన్నారు, మొగుణ్ణి మింగిన దాన్నన్నారు, ఆడది అంత నోరు చేసుకోకూడదన్నారు. అన్నవాళ్ళంతా మెరక మీద ఇళ్ళున్నవాళ్ళే.

మాది అద్దంకికి పడమరగా, వాగు పక్కనున్న ఊరు. ఊళ్ళో పల్లంలో ఉండేది మా దూదేకులవాళ్ళ వీధి. వాన పడితే ఊరి బురదంతా మా గుమ్మాల్లోకే వస్తుంది. కుళాయి రాకముందు మేం వాగు ఇసకలో చెలమలు తవ్వి, కొబ్బరి చిప్పతో తోడుకుని బిందెలు నింపుకునేవాళ్ళం. ఒక బిందె నిండేసరికి నడుం పడిపోయేది.

అరవై మూడులో పంచాయతీవాళ్ళు మెరక మీద నీళ్ళ టాంకు కట్టారు. గొట్టాలు పెద్ద వీధి దాకానే అన్నారు. మాకూ కావాలంటే కందకం మేమే తవ్వుకోవాలన్నారు. వేసవి కాలం. నల్లరేగడి ఎండితే గడ్డపారకి కూడా లొంగదు. దూది ఏకే ధనుస్సులు ఇంట్లో పడేసి మా మగవాళ్ళు వీధి వీధంతా కదిలారు. మా ఆయన మాబు సాహెబ్ అరిచేతులు బొబ్బలు కట్టి, చితికి, మళ్ళీ బొబ్బలు కట్టాయి. అన్నం ముద్ద నేను కలిపి పెడితే తిన్నాడు.

కుళాయి తిప్పిన రోజున ప్రెసిడెంటు అంకమ్మరావు దానికి పూలదండ వేసి ఉపన్యాసం చెప్పాడు. మైకు అక్కర్లేదు ఆయనకి. కళ్ళంలో నిలబడి కేకేస్తే వాగు అవతల మేసే గొర్రెలు తలెత్తి చూస్తాయి, అంత గొంతు. "ఇవాళ్టి నుంచి ఈ వీధికి రోగమనేది రాదు" అని కేకేశాడు. మేం చప్పట్లు కొట్టాం. మా ఆయన అందరికన్నా గట్టిగా కొట్టాడు, ఆ బొబ్బల చేతులతోనే.

మా కుళాయి గొట్టం చివర్న ఉంది. మెరక మీద అంకమ్మరావు ఇంట్లో ఒక కుళాయి, పెద్ద వీధిలో రెండు, ఆ తరవాత మాది. పొద్దున పంచాయతీ బంట్రోతు టాంకు దగ్గర వాల్వు తిప్పుడు కట్టేయగానే పైన నీళ్ళు ఆగిపోతాయి. వాళ్ళు కుళాయిలు కట్టేసుకుని ఇళ్ళల్లోకి పోతారు. మేం మాత్రం కట్టం. గొట్టంలో మిగిలిన నీళ్ళు పల్లానికి జారి సన్నటి ధారగా చాలాసేపు వస్తాయి. వాటిని అడుగు నీళ్ళు అనేవాళ్ళం. వాటికోసం బిందెలు వరసలో పెట్టుకుని జుట్టు జుట్టు పట్టుకున్న రోజులున్నాయి. పైవాళ్ళకి అక్కర్లేని నీళ్ళే మాకు సంబరం.

ఆ కార్తీకంలో అడుగు నీళ్ళు తెల్లగా రావడం మొదలైంది. బియ్యం కడిగిన నీళ్ళలా వచ్చేవి. రోజూ కాదు, రెండు మూడు రోజులకొకసారి. పొరుగింటి మౌలాబీ కోళ్ళు ఆ నీళ్ళు తాగి గిరగిరా తిరిగి చచ్చాయి. పిల్లలు కక్కుకున్నారు. వాసన ఉందా అంటే ఉంది. కానీ మిరపకి పురుగు పట్టి, ఊరంతా మందు కొడుతున్న రోజులవి. ఊళ్ళో గాలికి అదే వాసన, మగవాళ్ళ చొక్కాలకి అదే వాసన, అన్నం కుండ మూత తీస్తే అదే వాసన. ఏ వాసన ఎక్కడిదని కనిపెట్టేది?

ఆడవాళ్ళం పోగై ప్రెసిడెంటు దగ్గరికి వెళ్ళాం. అరుగు మీద కూర్చుని పళ్ళు కుట్టుకుంటున్నాడు.

"తెల్లగా వస్తన్నాయా? బ్లీచింగు పౌడరు కలిపించా. గవర్నమెంటు వాళ్ళు కలపమన్నారు. వాగులో చెలమ నీళ్ళు తాగిన కడుపులు గదా, శుభ్రమైన నీళ్ళు పడేసరికి తిప్పుతున్నయ్. అలవాటవుద్ది పొండి" అన్నాడు.

టాంకులో బ్లీచింగు కలిపారో లేదో బంట్రోతునైనా అడగలేదు ఆ పెద్దమనిషి. నోటికొచ్చింది చెప్పాడు. చదువుకున్నవాడు, టాంకు కట్టించినవాడు చెప్పాడు గదా అని మేం తాగాం.

పుష్యమాసంలో ఒక పొద్దున. పరుపుల పని ఒకటి వచ్చి మా ఆయన చీకటితోనే ధనుస్సు మీటడం మొదలుపెట్టాడు. దూది ఏకేవాడి గొంతు ఎలా ఉంటుందో ఏకినవాళ్ళకే తెలుసు. నూగంతా లోపలికి పోయి పేరుకుంటుంది. నేను అడుగు నీళ్ళ దగ్గర బిందె పెట్టుకుని నిలబడి ఉంటే, మీసాల నిండా నూగుతో వచ్చి దోసిలి పట్టాడు.

"బిందె నిండనిస్తావా, అన్నీ నువ్వే తాగేస్తావా?" అన్నాను.

"తవ్వినోణ్ణి. నాకే ముందు" అని నవ్వి, కడుపునిండా తాగాడు. "ఇయ్యాళ బ్లీచింగు శానా ఏశారే" అని మూతి తుడుచుకున్నాడు.

పొద్దెక్కకముందే కళ్ళు తిరుగుతున్నాయన్నాడు. దూది మీదే పడిపోయాడు. ఒళ్ళంతా కొయ్యబారి, ఎగిరెగిరి పడ్డాడు. నోట్లోంచి నురగ. నలుగురు పట్టుకున్నా ఆగలేదు. బండి కట్టి అద్దంకి తీసుకుపోయాం. డాక్టరు నోటి దగ్గర వాసన చూశాడు.

"ఎండ్రిన్ తాగాడమ్మా. ఇంట్లో ఏమైనా గొడవైందా?"

"లేదు బాబూ. కుళాయి నీళ్ళు తాగాడు, అంతే."

"అందరూ ఏదో ఒకటి చెబుతారమ్మా" అన్నాడు. ఆయన మీద నాకు కోపం లేదు. ఆ సీజన్లో రోజుకొకణ్ణి అట్లా మోసుకొచ్చేవాళ్ళు, పాపం ఆయనా ఏం చేస్తాడు. పొద్దు గూకేలోగా మాబు సాహెబ్ పోయాడు.

శవాన్ని బండిలో ఇంటికి తెచ్చేసరికి మా మేక చచ్చి పడుంది. పొద్దున నేను హడావిడిలో వదిలేసిన బిందె పక్కనే పడుంది, మూతి తడి కూడా ఆరలేదు. బిందెలో నీళ్ళు ఇంకా తెల్లగానే ఉన్నాయి. ఏడుస్తున్న నా ఏడుపు అక్కడ ఆగింది. మేక కూడా ఇంట్లో గొడవపడి తాగిందా? వచ్చినవాళ్ళందరికీ ఆ బిందె చూపించాను. మొగుడు పోయి మతి చలించిందని నన్నే పట్టుకుని కూర్చోబెట్టారు.

మర్నాడు జనాజా నమాజు చదివించడానికి పొరుగూరి నుంచి ఖాజీ సాహెబుని పిలిపించారు. ఆయన ఊరి మొదట్లో బండి దిగుతుంటే అంకమ్మరావు ఎదురెళ్ళాడు. ఎవరు వెళ్ళమన్నారు? ఎవరూ కాదు. వెళ్ళి, ఆ కళ్ళం గొంతుతోనే చెప్పాడు.

"సాయిబూ, అతను మందు తాగి సచ్చాడు. అదీ నా ఇంట్లో దొంగిలించి. బండి మీద మందు కలిపిన డ్రమ్ము జానెడు తగ్గింది. ఆ పొద్దునే తగ్గింది. ఇంకెవడు తీస్తాడు?"

ఆ మాట మా వీధి దాకా వినిపించింది. ఖాజీ సాహెబు నిలబడిపోయాడు. ప్రాణం తనే తీసుకున్నవాడికి, పైగా దొంగకి, నేను ముందు నిలబడి చదవలేనని బండి వెనక్కి తిప్పించుకున్నాడు. మా మగవాళ్ళు వాళ్ళకొచ్చిన నాలుగు ముక్కలు చదివి మట్టి చేశారు. ఖాజీ లేకుండా, ఊరివాళ్ళు లేకుండా, దొంగ అన్న పేరుతో మా ఆయన మట్టిలోకి పోయాడు. జీవితంలో ఒకరి దూది గుప్పెడు తీసుకుని ఎరగడు. ఏకగా చొక్కాకి అంటుకున్న నూగు కూడా దులిపి ఇచ్చే మనిషి.

నలభయ్యో రోజు ఫాతెహా చదవడానికి ఖాజీని తీసుకొచ్చి ఆ గోరీ ముందు నిలబెట్టకపోతే నేను మాబు సాహెబ్ పెళ్ళాన్ని కాదనుకున్నాను. ఇంకో ఆలోచన లేదు నాకు. తిండి లేదు, నిద్ర లేదు, అదే.

జానెడు తగ్గింది అన్న మాట నా చెవిలోంచి పోలేదు. ఆ పొద్దున మా ఆయన ధనుస్సు వదిలి కుళాయి దాకా తప్ప ఎక్కడికీ పోలేదు. వీధంతా చూసింది. అయినా డ్రమ్ము తగ్గింది. తగ్గిందంటున్నది పోగొట్టుకున్నవాడే, అబద్ధం ఎందుకు చెబుతాడు? మరి ఎటు పోయింది?

అంకమ్మరావు దగ్గర బండి తోలే చెంచయ్యని చేలో పట్టుకున్నాను. నన్ను చూసి తలకాయ దించుకున్నాడు.

"నీ మొగుడు దొంగ కాదు జైనాబీ. ఆ డ్రమ్ము మందు కలిపిన ప్రతిసారీ తగ్గుద్ది. పండగ ముందు నుంచీ నన్ను దొంగంటున్నాడు. నా బిడ్డల మీద ఒట్టు పెట్టినా నమ్మలా. ఇప్పుడు సచ్చినోడు దొరికాడు, ఆయన మీద తోశాడు."

"నువ్వు కలిపేది ఎట్టాగో చెప్పన్నా."

చెప్పాడు. మా నేలలో మిరపతోటకి నీళ్ళుండవు. మందు కొట్టాలంటే నీళ్ళు బండి మీదే పోవాలి. అందుకని దొడ్లో బండి మీద డ్రమ్ము పెట్టి, ముందుగా మందు పోసేసి, కుళాయికి రబ్బరు గొట్టం తగిలించి దాని కొస డ్రమ్ము అడుగుదాకా దించి, కుళాయి తిప్పుతాడు. అడుగున పడే నీటి జోరుకి మందు దానంతటదే తెల్లగా కలిసిపోతుంది. కర్ర పెట్టి తిప్పే పని లేదు, ఆవిరి కళ్ళల్లోకి కొట్టే బాధ లేదు. అంకమ్మరావు ఇంట్లో కుళాయి వచ్చాక కనిపెట్టిన తెలివి. అది తిప్పేసి చెంచయ్య ఎడ్లకి మేత వేయడానికి పోతాడు. తిరిగొచ్చేసరికి నీళ్ళు ఆగిపోయి ఉంటాయి, కుళాయి తెరిచే ఉంటుంది, డ్రమ్ము తగ్గి ఉంటుంది.

"గొట్టం ఆ మందులోనే ఉంటదా?"

"ఉంటది. నేను తీసిందాకా."

మా ఊరి కొట్లో కిరసనాయిలు డ్రమ్ములోకి గొట్టం వేసి, రెండో కొస కిందికి పెట్టి ఒక్కసారి లాగితే డ్రమ్ము దానంతటదే సీసాలోకి దిగుతుంది. పసిపిల్లలు కూడా చూసిందే. అంకమ్మరావు డ్రమ్ము మెరక మీద ఉంది. మా కుళాయి పల్లంలో ఉంది, ఎప్పుడూ తెరిచి ఉంది. పైన తిప్పుడు కట్టేస్తే గొట్టంలో నీళ్ళు మా వైపుకి జారతాయి. జారుతూ వెనకున్నదాన్ని లాక్కొస్తాయి. వెనక ఉన్నదేమిటి? చెంచయ్య దించిన గొట్టం, దాని కొసన మందు.

"అన్నా, రేపు మందు పొయ్యొద్దు. ఉత్త నీళ్ళు పట్టు. నేనొస్తా."

"నా పని పోతది జైనాబీ."

"నిన్ను దొంగన్నాడు గదా. ఇంక పోడానికేం మిగిలింది?"

చెంచయ్య "రా" అన్నాడు.

మర్నాడు పొద్దున తెల్లబట్టలకి పెట్టే నీలిమందు, ఇంట్లో ఉన్నదీ వీధిలో అడుక్కున్నదీ, మూట కట్టుకుని ఆ దొడ్లోకి వెళ్ళాను. డ్రమ్ములో కుమ్మరించాను. గొట్టం అడుగుదాకా దిగి ఉంది. అక్కణ్ణించి పరుగున మా వీధికొచ్చాను. ఎవరూ బిందె పెట్టొద్దని కేకేశాను. మా ఆయన చివరిసారి ఏకిన దూది ఇంట్లో అట్లాగే ఉంది. గుప్పెడు తెచ్చి కుళాయి కింద పట్టుకున్నాను.

పైన తిప్పుడు కట్టేశారు. ధార సన్నబడింది. మామూలు నీళ్ళే వచ్చాయి కాసేపు. మౌలాబీ నా మొహంలోకి చూసింది. నేను చెయ్యి తియ్యలేదు. ఆ తరవాత దూది కొస నీలమైంది. చూస్తుండగా గుప్పెడంతా నీలమైంది, నా చెయ్యి నీలమైంది, మోచేతిదాకా కారింది. మౌలాబీ ఒక్కటే అరుపు అరిచింది. దాని పిల్లలకి ఆ నీళ్ళే పట్టింది మరి ఇన్నాళ్ళూ.

తడి దూది పట్టుకుని నేను ముందు, వీధంతా నా వెనక. అంకమ్మరావు అరుగు మీదే ఉన్నాడు. ఆ దూది తీసుకెళ్ళి ఆయన పడకకుర్చీ చేతి మీద పెట్టాను. నీలం నీళ్ళు తెల్లపంచె మీద కారాయి.

"ఏందే ఇది?"

"నీ డ్రమ్ములోదయ్యా. నేనే పోశా. మా కుళాయిలోంచి వచ్చింది. నీ మందు ఎటు పోతందో తెలిసిందా ఇప్పుడు? మా కడుపుల్లోకి పోతంది!"

దొడ్లో డ్రమ్ము దగ్గర చెంచయ్య నిలబడి, "జానెడు తగ్గిందండీ" అన్నాడు.

అంకమ్మరావు తెలివైనవాడే. దూది వంక చూశాడు, డ్రమ్ము వంక చూశాడు, మొహంలో నెత్తురు ఇంకిపోయింది. కానీ ఆ మొహం ఎంతోసేపు ఉండలేదు.

"పొరపాటు జరిగింది. ఎవరికి తెలుసు ఇట్టాగవుద్దని? సరే, ఇయ్యాల్టి నుంచి గొట్టం తీయించేస్తా. మీ వీధి కుళాయి కూడా తీయించేస్తా, అసలు గొడవే ఉండదు. నలభయ్యో రోజుకి బియ్యం పంపిస్తాలే, పో."

వినండి. మందు పోసింది ఆయన, కుళాయి ఊడబీకేది మాది!

"మా కుళాయి మీద చెయ్యేస్తే ఆ చెయ్యి ఉండదు. ఆ కందకం మా ఆయన తవ్వాడు. నీ బియ్యం నాకొద్దు. ఊరి మొదట్లో నిలబడి ఖాజీకి చెప్పావు చూడు, దొంగనీ, తాగి సచ్చాడనీ. ఆ నోటితోనే గోరీ దగ్గరకొచ్చి, ఖాజీ ముందు, ఊరి ముందు, కాదని చెప్పు."

"నేనా? ప్రెసిడెంటుని! గోరీల దొడ్లో నిలబడి లెంపలేసుకోవాలా? నోరు మూసుకుని పోతావా, తన్ని తగలేయించనా?"

పోయాను. కానీ నోరు మూసుకోలేదు. మిరపతోటలు పండుబారి ఎర్రగా ఉన్నాయి. మా ఊళ్ళో పండు కోసేది మా వీధి ఆడవాళ్ళే. అంకమ్మరావు తోటలో ఒక్క కాయ కూడా ముట్టేది లేదన్నాం. మా బదులు దిగుతారనుకున్న పెద్ద వీధివాళ్ళు కూడా ఆగిపోయారు, వాళ్ళ పిల్లలకీ ఆ గొట్టం నీళ్ళే గదా. ఆయన బయటూరి నుంచి కూలీల్ని బండ్లలో దించాడు. వాళ్ళు చేలోకి దిగి, తాగడానికి నీళ్ళేవని అడిగారు. బండి మీద ఉన్నది ఆ డ్రమ్మే. మౌలాబీ గట్టు మీద నిలబడి జరిగింది మొత్తం చెప్పింది. వచ్చిన బండ్లలోనే వెనక్కి పోయారు.

మిరపపండు ఆగదు. మంచుకి తడిసి, ఎండకి ఎండి, చెట్టు మీదే తాలుబారింది. రాలింది. నేల ఎర్రగా పరుచుకుంది. అంకమ్మరావు రోజూ గట్టు దాకా వచ్చి, చూసి, పోయేవాడు. చివరికి చెంచయ్యతో కబురు పంపాడు, వస్తానని.

నలభయ్యో రోజున ఖాజీ సాహెబు వచ్చాడు. జరిగింది మా మగవాళ్ళు ముందే చెప్పారు గానీ, అన్నవాడి నోట వింటేనే చదువుతానన్నాడు. సరైన మాటే. గోరీల దొడ్డి గోడ అవతల ఊరు ఊరంతా నిలబడింది. అంకమ్మరావు లోపలికొచ్చి, కండువా నోటికి అడ్డం పెట్టుకుని ఏదో గొణిగాడు.

"వినపళ్ళా" అన్నాను.

"మాబు సాహెబ్ దొంగ కాదు అంటున్నా గదా" అన్నాడు, పక్కవాడికి వినపడేట్టు.

"నాకు వినపడింది. ఆయనకి వినపళ్ళా." గోరీ వైపు చెయ్యి చూపించాను. "కుళాయి తిప్పిన రోజున ఎట్టా చెప్పావు? ఊరి మొదట్లో ఎట్టా చెప్పావు? ఆ గొంతు ఏమైంది అంకమ్మరావూ?"

గారు లేదు, అయ్యా లేదు. ఎవరూ నన్ను ఆపలేదు. ఆయన కండువా తీసి చేతిలో నలిపాడు. అప్పుడు వచ్చింది ఆ గొంతు.

"మాబు సాహెబ్ దొంగ కాదు! కావాలని తాగలేదు! నా డ్రమ్ములో మందు గొట్టంలోంచి పోయి ఆ మనిషిని చంపింది! తప్పు నాదే!"

వాగు అవతల గొర్రెలు తలెత్తాయి. ఖాజీ సాహెబు ముందుకొచ్చి గోరీ ఎదుట చేతులెత్తాడు. వెనక వరసలు కట్టారు.

ఏడుపొస్తుందనుకున్నాను, రాలేదు. మనసు చల్లబడుతుందనుకున్నాను, అదీ లేదు. మా కుళాయి అక్కడే ఉంది, ఎవడూ ముట్టుకోలేదు. నేను మాత్రం బతికినన్నాళ్ళూ చెలమ నీళ్ళే తాగాను. ఆ నాలుగు మాటలు చెప్పించడానికి అంకమ్మరావు తోటలో మిరపకాయలు రాలాల్సి వచ్చింది. మా ఆయన రాలిపోతే సరిపోలేదు.